పన్నెండో రిజిస్టర్

ఆ రోజు పొద్దున జనగామలో తొర్రూరు బస్సు ఎక్కేటప్పుడు నాకు ఒక మనిషి మీద పీకల దాకా కోపం ఉంది. ఆమె ముఖం నేను ఎప్పుడూ చూడలేదు. పేరు సరోజ, మానుకోట జిల్లాలో ఒక చిన్న దవాఖానలో కాన్పుల వార్డు నర్సు. దవాఖాన పేరు ఇక్కడ రాయను. వాళ్లు ఇప్పటికే పడాల్సినంత పడ్డారు.

నా పేరు తిరుమల. మాది తరిగొప్పుల. పసిపిల్లల్ని వెచ్చగా ఉంచే వార్మర్లు తయారుచేసే కంపెనీలో పనిచేస్తాను. కంపెనీ అంటే పెద్దగా ఊహించుకోకండి. హైదరాబాదులో రెండు గదులు, ఏడుగురు మనుషులు. వార్మర్ లోపల ఒక ప్రాసెసర్ ఉంటుంది, దానికి ఏం చేయాలో చెప్పే ప్రోగ్రాం మొత్తం నేను రాసిందే. బిడ్డ ఒళ్లు కాస్త చల్లబడితే వేడి పెంచాలి, ఇంకా చల్లబడితే అలారం మోగించాలి. దాని బతుకంతా ఇంతే. మూడు జిల్లాల్లో కలిపి మా మిషన్లు పదకొండు ఉన్నాయి.

ఎనిమిది రోజుల కిందట, మధ్యాహ్నం రెండు దాటాక, సరోజ వార్డులో ఒక మిషన్ తనంతట తాను ఆగి మళ్లీ మొదలైంది. అలా మొదలైనప్పుడు అది హీటరు వేయదు. ఎవరైనా వచ్చి స్టార్ట్ నొక్కే దాకా తెర వెలిగించుకుని ఊరికే కూర్చుంటుంది. దగ్గర మనిషి లేకుండా పసిబిడ్డ మీద వేడి పెట్టకూడదని నేనే అట్లా రాశాను. నలభై నిమిషాలు దాన్ని ఎవరూ చూడలేదు. అందులో ఉన్నది కాళి అనే తండా అమ్మాయికి పుట్టిన ఆడబిడ్డ, వయసు రెండు రోజులు. చూసేసరికి ఒళ్లు నీలం తిరిగింది. అంబులెన్సులో వరంగల్ తీసుకుపోయారు. బతికింది. కానీ ఆ మాట తెలిసే దాకా మూడు రోజులు నాకు ముద్ద దిగలేదు.

మిషన్ పడిపోతే, ఆఖరి క్షణంలో దాని చేతిలో ఏముందో ఒక మూల రాసి పెట్టుకునేట్టు చేశాను. దాన్ని కోర్ డంప్ అంటాం. ప్రాసెసర్ చేతిలో ఉండేవాటిని రిజిస్టర్లంటాం. మొత్తం పదహారే. ఇప్పుడు ఏ పనిలో ఉంది, ఆ పనికి ఎక్కడి నుంచి వచ్చింది, మధ్యలో పట్టుకున్న అంకెలు ఏమిటి, అన్నీ వాటిలోనే ఉంటాయి. వంట చేస్తూ పడిపోయిన మనిషి చేతిలో గరిటె ఉందో ఉప్పు డబ్బా ఉందో చూస్తే ఏం చేస్తుండగా పడిందో తెలుస్తుంది కదా, ఇదీ అంతే.

మా సర్వీసు చూసే రాకేష్ పోయి ఆ డంప్ తెచ్చిచ్చాడు. చదివాను. పడిపోయిన క్షణంలో ప్రాసెసర్ అలారం ఆపే బటన్ పనిలో ఉన్నట్టు తేలింది. ఆ ఒక్క వాక్యం రాసి పంపాను. మా యజమాని రాంచందర్ సార్ దాన్ని దవాఖానకు పంపేటప్పుడు 'అలారం మోగుతుండగా సిబ్బంది బటన్ నొక్కి ఆపారు' అని మార్చాడు. నేను చూసి కూడా ఊరుకున్నాను, నాకూ అలాగే అనిపించింది గనక. బిడ్డ చల్లబడుతోందని మిషన్ మొత్తుకుంటే ఈమెగారికి కునుకు చెడింది, దాని నోరు మూసింది, ఏదో తప్పు నొక్కు నొక్కి మిషన్‌నే పడేసింది. ఇదీ నా కథ. సరోజకు మెమో ఇచ్చారు. ఆమెది పర్మినెంటు ఉద్యోగం కాదు, అవుట్‌సోర్సింగు. ఈ రోజు మూడింటికి విచారణ. తప్పు తేలితే రేపటి నుంచి రానక్కర్లేదు, ఆ మచ్చతో ఇంకెక్కడా నర్సు పని దొరకదు. ఆ కాగితాన్ని వాళ్లకు అర్థమయ్యేట్టు విప్పి చెప్పడానికే నేను బయల్దేరాను.

తొర్రూరులో బస్సు మారి, పదకొండు కాకముందే దవాఖాన చేరాను. వార్డు ముందు బెంచీ మీద నలభై ఏళ్ల మనిషి ఒకామె కూర్చుని ఉంది. చీర మీద తెల్లకోటు, కోటు గుండీలన్నీ పెట్టుకుని ఉంది. నన్ను చూడగానే లేచి నిలబడింది. సరోజ ఈమేనని అర్థమైంది.

"కంపెనీ మేడమేనా? కూసోండ్రి. మంచినీళ్లు తేవాల్నా?"

దారి పొడవునా కూడబెట్టుకున్న మాటలు నోట్లోనే ఆగిపోయాయి. ఆగినందుకు ఇంకాస్త కోపం వచ్చింది. "నీళ్లు వద్దక్కా. ఒక్కటి చెప్పు. ఆ బటన్ నువ్వు వత్తినవా లేదా?"

ఆమె నా చెప్పుల వంక చూసింది. "మీ కాయితంల అట్లనే ఉన్నదట గద మేడం."

అవునని కాదు, కాదని కాదు. ఇదేం జవాబు? నేను నోరు తెరిచేలోపు వెనక నుంచి బకెట్ చప్పుడుతో ఒక ముసలామె వచ్చి మా మధ్య నిలబడింది. ఆ వార్డు ఆయా, భద్రమ్మ. ఆమె నోటికి ఆ దవాఖానలో డాక్టర్లు కూడా జంకుతారని తర్వాత తెలిసింది.

"నువ్వేనా బిడ్డా గా కాయితం రాసింది? సదువుకున్నవు గద, జర బుర్ర పెట్టి ఇను. గా టయంల నీ బల్బుల మంచం కాడ ఎవ్వలు లేరు. ముగ్గురం కాన్పు గదిల ఉన్నం. ఇంకొకామెకు నెత్తురు ఆగుత లేదు. సరోజ రెండు చేతులు గ్లౌజులల్ల, గ్లౌజులు నెత్తుట్ల. బటన్ ఏం పెట్టి వత్తుద్ది, నెత్తి పెట్టి వత్తుద్దా?"

"నువ్వు ఆమె మనిషివి అవ్వా, ఆమె తరఫునే చెప్తవు."

"అయితే కాన్పుల బుక్కు చూడు. గది గూడ మా మనిషేనా?"

చూశాను. కాన్పు రెండు గంటల నాలుగు నిమిషాలకు. తర్వాత రక్తస్రావం, రెండు గంటల పన్నెండుకు ఒక ఇంజెక్షన్, రెండు ఇరవైకి ఇంకొకటి, ప్రతి దాని పక్కన సరోజ సంతకం. సంతకాల మీద ఎండిన మరక కూడా ఉంది. నా బ్యాగులోని కాగితంలో మిషన్ పడిపోయిన సమయం రెండు గంటల పదకొండు నిమిషాలు. ఆ గడియారం కూడా నేను పెట్టిందే, దానికి అబద్ధం చెప్పాల్సిన పని లేదు.

కాన్పు గది నుంచి వార్మర్ దాకా అడుగులు వేసి చూశాను. నలభై రెండు. చేతులు కడుక్కుని, నలభై రెండు అడుగులు వచ్చి, బటన్ నొక్కి, మళ్లీ పోయి, గ్లౌజులు తొడుక్కుని పన్నెండో నిమిషానికి సూది వేయాలి. కుదరదు. మరి నా డంప్‌లో బటన్ ఎందుకుంది?

మందుల అట్టపెట్టెలుండే గదిలో ఒక బల్ల ఇచ్చారు. లాప్‌టాప్ తీశాను, బ్యాగులో ఎప్పుడూ ఉండే స్పేర్ బోర్డు తీశాను. అది వార్మర్ లోపలి ప్రాసెసరే, చిన్న తెరతో, మంచమూ హీటరూ లేకుండా. ఒక పని ఇంతవరకు ఎందుకు చేయలేదో తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది. నాకు తెలిసిన చోట దాన్ని కావాలని పడేసి, డంప్ అదే చోటు చెప్తుందో లేదో చూడటం. ఎవరైనా మొదటి రోజే చేసే పరీక్ష. అప్పుడు తొందరలో ఉన్నాను, డంప్ ఏదో ఒకటి రాస్తోంది కదా అని సంతోషపడి వదిలేశాను.

హీటరు లెక్క చేసే చోట ఒక తప్పు పెట్టి పడేశాను. డంప్ చూశాను. హీటరు లెక్కలో కాదు, దానికి ముందు పిలిచిన ఇంకో పనిలో పడిపోయినట్టు చెప్పింది. ఇంకోచోట పడేశాను. మళ్లీ తప్పే చెప్పింది. మూడోసారి ఇక పడేయలేదు. రిజిస్టర్లను చదవడానికి నేను రాసిన పట్టీ తెరిచాను.

సంగతి ఇది. ప్రాసెసర్ పడిపోయేటప్పుడు ఎనిమిది రిజిస్టర్లను అలమర అరల్లో సర్దినట్టు ఒకదాని పక్కన ఒకటి, ఎప్పుడూ ఒకే వరసలో పెట్టి పోతుంది. సున్నా, ఒకటి, రెండు, మూడు, ఆ తర్వాత ఏకంగా పన్నెండు. ఆ తర్వాత చివరిగా పిలిచిన పని దగ్గర్నుంచి తిరిగి రావాల్సిన చోటు. ఆ తర్వాత ఇప్పుడు ఉన్న చోటు. చివరన దాని పరిస్థితి. నేను చదివే పట్టీలో ఏడే ఉన్నాయి. పన్నెండో రిజిస్టర్ రాయడం మర్చిపోయాను. మూడు తర్వాత పన్నెండు రావడం నా బుర్రకు ఎక్కలేదు, అంతే. అక్కడి నుంచి అన్నీ ఒక అర జరిగిపోయాయి. పాత చోటును ఇప్పటి చోటనుకున్నాను. అసలు పడిపోయిన చోటు పోయి చివరి వరసలో, 'పరిస్థితి' అన్న పేరు కింద కూర్చుంది. ఆ వరస నేను ఎప్పుడూ సరిగా చూడలేదు.

అంటే బటన్ ఎవరూ నొక్కలేదు. అలారం మోగించే ముందు, ఎవరైనా బటన్ నొక్కారా అని మిషన్ ఒకసారి చూసుకుంటుంది. అలా చూసి వచ్చిన గుర్తు మాత్రమే అది. ఆ గుర్తును పట్టుకుని నేను ఒక మనిషి ఉద్యోగం మీదికి తెచ్చాను.

కోపం ఎటు పోవాలో తెలియక నా మీదికే తిరిగింది. కానీ అప్పుడు ఏడవడానికి టైం లేదు, ఎందుకంటే ఇంకో ప్రశ్న మిగిలింది. బటన్ కాకపోతే పడిపోయింది దేని వల్ల?

పట్టీలో పన్నెండో రిజిస్టర్ చేర్చి పాత డంప్‌ను మళ్లీ చదివాను. పడిపోయిన చోటు అన్న వరసలో ఉన్న అంకె మా ప్రోగ్రాంలో ఎక్కడా లేని చోటు. ఉండే వీలే లేదు. చివర నుంచి మొదటికి చదివితే ఈ-సున్నా, బీ-సున్నా, తొంభై ఐదు, మళ్లీ ఈ-సున్నా. చూడగానే గుర్తుపట్టాను. కంప్యూటరు లోపల తెలుగు అక్షరం ఏదైనా ఈ-సున్నాతోనే మొదలవుతుంది. మా మిషన్ తెర మీద తెలుగు కనిపించేట్టు చేయడానికి నేను ఆ అంకెలతో మూడు నెలలు కాపురం చేశాను. ఈ-సున్నా, బీ-సున్నా, తొంభై ఐదు అంటే 'క'.

ప్రాసెసర్ తర్వాత ఎక్కడికి పోవాలో రాసి పెట్టుకునే చోట ఎవరో 'క' అని రాశారు. అది పోయి 'క' ఎక్కడుందో వెతికి, దొరక్క పడిపోయింది.

వార్డులోకి ఉరికాను. సరోజ అదే బెంచీ మీద ఉంది. "అక్కా, ఆ రోజు మిషన్‌ల బిడ్డ పేరు ఏమని రాసినవు?"

"బిడ్డకు పేరు ఏడిది మేడం? ఇరవయ్యొక్క దినాల దాక పెట్టరు గద. మాన్‌సింగ్ భార్య కాళి ఆడపిల్ల అని రాసిన."

"అంత పొడుగు ఎందుకు?"

తప్పు చేసినదానిలా కంగారు పడింది. "గా వారం ఇద్దరు కాళిలు ఉండె మేడం. ఇద్దరికి ఆడపిల్లలే. బిడ్డలు కల్సిపోవద్దని మొగని పేరు గూడ పెట్టిన. రాయొద్దా?"

రాయాలి. ఎవరైనా అలాగే రాయాలి. నేను పుట్టినప్పుడు కూడా మూడు వారాలు మా నాన్న పేరు మీద సారయ్య బిడ్డనే, తరిగొప్పులలో అందరికీ తెలిసిన సంగతి. ఇది తెలియాల్సింది మా కంపెనీ ఏడుగురిలో నాకే. నేను మాత్రం పరీక్ష చేసేటప్పుడు పేరు దగ్గర ఇంగ్లీషులో నాలుగు అక్షరాలు కొట్టి, పనిచేస్తోంది అనుకున్నాను. ఇంగ్లీషు అక్షరానికి ఒక అర చాలు. తెలుగు అక్షరానికి మూడు కావాలి, గుణింతానికి ఇంకో మూడు. కాళి అనే ఇంత చిన్న పేరుకే పన్నెండు అరలు. పేరు దాచుకునే చోట వంద అరలు ఇచ్చాను, అక్కడ ఇబ్బంది లేదు. అలారం మోగించేటప్పుడు 'ఫలానా బిడ్డ చల్లబడింది' అని చూపించడానికి ఆ పేరును ఇంకోచోటికి ఎక్కిస్తాను. అక్కడ ఇచ్చినవి ముప్పై రెండు. మాన్‌సింగ్ పేరుతోనే దాదాపు నిండిపోయింది, భార్య అన్న మాట పక్క అరల మీదికి పొర్లింది, కాళి పోయి ప్రాసెసర్ దారి మీద పడింది.

నిలబడ్డచోటే దాని అర్థం తెలిసింది. పేరు పొడుగ్గా రాస్తే మిషన్‌కు ఏమీ కాదు. రోజుల తరబడి బ్రహ్మాండంగా పనిచేస్తుంది. బిడ్డ చల్లబడి, అరవాల్సిన క్షణం వచ్చినప్పుడే చచ్చిపోతుంది. అరవదు. నోరు మూసుకుని స్టార్ట్ కోసం కూర్చుంటుంది. అలాంటివి ఇంకా పది ఉన్నాయి. తెలుగు పెట్టాలని పట్టుబట్టింది కూడా నేనే, మన నర్సులకు మన అక్షరాలు ఉండొద్దా అని సార్‌తో వారం రోజులు కొట్లాడి మరీ.

రాకేష్‌కు ఫోన్ చేశాను. "అన్నీ బంద్ పెట్టి, ముందు గిది ఇను. ఏ మిషన్‌ల బిడ్డలు ఉన్నరో కనుక్కో. పేరు తీసేసి ఒక అంకె వేయమను. పేరు ఉన్నప్పుడు అలారం రావొద్దు."

"అక్కా, ఏమైంది?"

"తర్వాత చెప్త. జనగామ దిక్కు, మానుకోట దిక్కు నువ్వు చెయ్. భూపాలపల్లి దిక్కు నేను చేస్త."

అటు వైపు మాకు మూడు మిషన్లు. మొదటి దవాఖానలో మిషన్ ఖాళీ. రెండో చోట బిడ్డ ఉంది కానీ పేరే రాయలేదు. బద్ధకానికి జీవితంలో మొదటిసారి దండం పెట్టాను. మూడో చోట ఫోన్ ఎత్తలేదు. మళ్లీ చేశాను. ఎత్తలేదు. రెండు గంటలు కావస్తోంది. నాలుగోసారికి విజయ అనే సిస్టర్ ఎత్తింది.

"ఉన్నడు మేడం, పొద్దుగాల పుట్టిండు. బరువు తక్కువ. పేరు రాసినం. కొమురయ్య చిన్నకోడలు మల్లీశ్వరి మగపిల్లగాడు అని."

గోడకు ఆనుకున్నాను. "ఇప్పుడు తెర మీద ఎంత చూపిస్తున్నది?"

"ముప్పై ఆరు పాయింట్ రెండు."

అలారం మోగేది ముప్పై ఆరు దగ్గర. "కిటికీ ఏమన్న తెరిచి ఉన్నదా?"

"ఉన్నది, కూలర్ గాలి గూడ జర తగుల్తున్నది. పాయింట్ ఒకటి అయింది మేడం. ఏం కాదు, తక్కువైతే అదే మొత్తుకుంటది గద."

మొత్తుకోదు. ఆ మాట ఆమెతో అంటే భయపడి చేతులు ఆడవు. గొంతు మామూలుగా పెట్టి చెప్పాను. "విజయక్కా, పేరు తీసేసి అక్కడ ఒకటి అని వెయ్. ఇప్పుడే."

"అంకె ఎట్ల వేస్తం మేడం? ఇంకొక పిల్లగాడు వస్తున్నడు, కల్సిపోతరు. మా మేడం తిడ్తది."

"కాలికి టేపు వేసి దాని మీద పేరు రాయి. నన్ను తిట్టమను. దండం పెడ్త, ముందు అంకె వెయ్."

ఆమె గొణుక్కుంటూ ఫోన్ బల్ల మీద పెట్టింది. తెర మీద వేళ్లు తగిలే చప్పుడు. అక్షరం తీస్తే అక్షరం పోతుంది, అన్నీ ఒకేసారి తీసే బటన్ నేను పెట్టలేదు. మల్లీశ్వరి పేరు ఎంత పొడుగో ఆ నిమిషంలో లెక్క పెట్టుకున్నాను. మధ్యలో ఎవరో ఆమెను పిలిచారు. ఆగమంది. నేను కళ్లు మూసుకున్నాను. ఫోన్లో ఏమీ వినిపించని ఆ కొంతసేపట్లో, స్టార్ట్ అని వెలుగుతున్న తెర నా కళ్ల ముందే ఉంది.

అప్పుడు మోగింది. కీచుమని, చెవులు చిల్లులు పడేట్టు, ఆగకుండా.

"గిదేంది మేడం, మొత్తుకుంటున్నది!"

"మొత్తుకోనియ్యి. కిటికీ మూసి, పిల్లగానికి టోపీ పెట్టు. వేడి అదే పెంచుకుంటది." అంతవరకే చెప్పగలిగాను. అట్టపెట్టెల గది గడప మీద కూర్చుని, ఫోన్ చెవి దగ్గర నుంచి తీయకుండా ఏడ్చాను. ఆ అలారం శబ్దం ఎంచుకునేటప్పుడు ఇంత వికారంగా ఉందేమిటే అని ఆఫీసులో అందరూ నన్ను ఆటపట్టించారు.

రెండున్నరకు రాకేష్ చెప్పాడు. పదింటిలో నాలుగింట్లో బిడ్డలున్నారు, పేరు రాసి ఉన్న ప్రతి చోటా పేరు తీసి అంకె వేశారు. ఆ వెంటనే రాంచందర్ సార్ ఫోన్. జరిగింది మొత్తం చెప్పాను.

"మంచిగ పట్టినవు. రేపటికల్ల కొత్త ప్రోగ్రాం అన్నిట్ల ఎక్కిచ్చేద్దాం. కని తిరుమలా, ఆడ విచారణల గిదంత చెప్పకు. సాంకేతికంగ నిర్ధారించలేకపోతున్నం అను. గా నర్సుకు గూడ నుక్సాన్ ఉండదు."

"నిర్ధారించలేం అంటే అనుమానం ఆమె మీదనే ఉంటది సార్."

"కంపెనీ ఉండొద్దా? నువ్వు రాసిన తప్పుకు ఏడు ఇండ్లు బజార్ల పడాల్నా?"

ఆయన చెడ్డవాడు కాదు. నాకు పని ఇచ్చినవాడు, తన సొంత మనవడు నెల తక్కువ పుట్టి ఇబ్బంది పడితే ఈ కంపెనీ మొదలుపెట్టినవాడు. పైగా ఆయన అన్న చివరి మాటలో అబద్ధం లేదు, తప్పు నేను రాసిందే. భయం వేసింది. ఈ కాగితం బయటికి పోతే నన్ను ఇంకెవరు పనిలో పెట్టుకుంటారు? సరిగ్గా సరోజ ఎనిమిది రోజులుగా ఆలోచిస్తున్న ఆలోచనే ఇది. "చూస్త సార్" అని పెట్టేశాను.

మూడింటికి సూపరింటెండెంట్ సురేందర్ సార్ గదిలో కూర్చున్నాం. ఆయన పక్కన ఇద్దరు డాక్టర్లు. సరోజ తలుపు దగ్గర నిలబడి ఉంది, కూర్చోమన్నా కూర్చోలేదు.

"చెప్పమ్మా, మీ రిపోర్టుల ఉన్నదాన్ని మాకు అర్థమయ్యేట్టు చెప్పు" అన్నాడు సురేందర్ సార్.

"అది తప్పు సార్." మళ్లీ అన్నాను. "నా రిపోర్టు తప్పు. బటన్ ఎవరూ నొక్కలేదు. మిషన్ పడిపోయింది నా ప్రోగ్రాం వల్ల. ఎందుకు పడిపోయిందో చదవడంలో కూడా నేనే తప్పు చేశాను. రెండూ నావే."

బోర్డు వాళ్ల ముందు పెట్టి, మాన్‌సింగ్ భార్య కాళి ఆడపిల్ల అని కొట్టి, అలారం తెప్పించాను. తెర ఒక్కసారి నల్లబడి, వెలిగి, స్టార్ట్ అని చూపించి ఊరుకుంది. ఎవరూ ఏమీ ముట్టుకోలేదు. కాన్పుల రిజిస్టర్‌లో సమయం చూపించాను. మిగతా పది మిషన్లలో ఇప్పుడు ఏం చేశామో, రేపు ఏం చేస్తామో చెప్పాను. ఇదంతా రాసి సంతకం పెట్టి ఇస్తానన్నాను. ఒక డాక్టరు, కంపెనీ మీద కంప్లైంట్ పోతుంది, తెలుసా అన్నాడు. తెలుసన్నాను.

సురేందర్ సార్ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. ఫైలులోంచి ఒక కాగితం తీసి నా వైపు జరిపాడు. "మరి గిది ఏంది? పొద్దున పది గంటలకు తానే తెచ్చి ఇచ్చింది."

గుండ్రటి చేతిరాత. 'అలారం మోగినప్పుడు నేను వచ్చి బటన్ నొక్కిన మాట వాస్తవం. కాన్పు హడావిడిలో మళ్లీ చూడలేదు. క్షమించగలరు.' కింద సరోజ సంతకం.

తలుపు వైపు చూశాను. ఆమె కోటు అంచు పట్టుకుని నేల చూస్తోంది.

"భయపడి రాసినవా సరోజా?" అని అడిగాడు ఆయన. జవాబుకు ఆగకుండా ఆయన ఆ కాగితాన్ని నిలువునా చింపి, మెమో వాపసు తీసుకుంటున్నట్టు అక్కడే రాసి, రేపు మామూలుగా డ్యూటీకి రమ్మన్నాడు.

బయట భద్రమ్మ ఎదురుచూస్తోంది. సంగతి విని, నన్ను ఒక బూతు తిట్టి, అదే నోటితో అన్నం తిన్నవా బిడ్డా అని అడిగి, చాయ్ తేవడానికి పోయింది. సరోజ బెంచీ మీద కూర్చుంది. నేను పక్కన కూర్చున్నాను. క్షమించమని అడిగాను.

"మీరేం చేసిండ్రు మేడం, మీరు వచ్చి చెప్పిండ్రు. ఇంకొకలైతే చెప్పకపోదురు."

"మరి ఆ కాయితం ఎందుకు రాసినవక్కా? చేయని పని చేసిన అని ఎందుకు ఒప్పుకున్నవు? ఎవరన్న బెదిరిచ్చిండ్రా?"

తల అడ్డంగా ఊపింది. మాట్లాడింది నాతో కాదు, తన కుడిచేతితో అన్నట్టు.

"ఎవ్వలు బెదిరియ్యలే. మొదటి రెండు దినాలు నేను వత్తలేదు అనే చెప్పిన. మిషన్ల రాసి ఉన్నది అన్నరు. మిషన్ ఎందుకు అబద్ధమాడ్తది మేడం? నేనే యాది మరిచిన్నేమో అని రోజు కూసోని యాది చేసుకున్న. చేసుకోంగ చేసుకోంగ ఒక దినం యాదికొచ్చింది. గ్లౌజు తీసి ఉరికొచ్చిన. కాళి బిడ్డ నా దిక్కే చూస్తున్నది. చూస్తుండంగ గిట్ల వత్తిన."

"అక్కా, నువ్వు ఆ టయంల కాన్పు గదిలనే ఉన్నవు. రెండు గంటల పన్నెండుకు సూది ఇచ్చినవు. నీ సంతకమే ఉన్నది."

"ఉన్నది. నేను గూడ చూసిన." ఆమె చూపుడువేలు ఎత్తి పట్టుకుంది. "గా సంగతి కాయితానికి తెల్సు మేడం. దీనికి ఎట్ల చెప్పాలె?"